ఆలస్యముగ వచ్చిన సత్యము

2025వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన పీటర్‌మారిట్జ్‌బర్గ్ హైకోర్టులో ఒక తీర్పు చదువబడెను. ఆల్బర్ట్ లుతూలిగారు 1967 జూలై 21వ తేదీన రైలు తగిలి మరణింపలేదనియు, తలపై కొట్టిన దెబ్బలచే పుఱ్ఱె పగిలి మరణించిరనియు, ఆ దెబ్బలకు ఆనాటి పోలీసు శాఖలోని ప్రత్యేక విభాగమువారును, వారితో చేతులు కలిపిన రైల్వే ఉద్యోగులును బాధ్యులనియు న్యాయమూర్తి నిర్ణయించిరి. ప్రమాదవశమున కలిగిన మరణమని 1967లో జరిగిన విచారణ చేసిన నిర్ణయము రద్దయ్యెను. నడుమ గడచినవి 58 సంవత్సరములు.

నేటాలు ఉత్తర తీరమున చెరకు తోటల నడుమ పెరిగిన తెలుగు కుటుంబములకు ఇది పరాయి వార్త కాదు. లుతూలిగారి స్వగ్రామమగు గ్రౌట్‌విల్, స్టాంగర్ పట్టణమునకు చేరువనే యున్నది. ఆ పట్టణమునకు నేడు క్వాడుకూజా యని పేరు. ఆయన తుది దినమున నడచిన రైలు వంతెన ఉమ్‌వోటి నదిపై నున్నది. ఆ తీరమందలి చెరకును నరికినవారిలో విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలములనుండి వచ్చిన కూలీలు పెక్కుమంది గలరు. ఆయనయు కొద్దిపాటి చెరకు పండించిన రైతే. అంతకుముందు ఆడమ్స్ కళాశాలలో సుమారు పదునైదేండ్లు ఉపాధ్యాయుడు. 1936లో గ్రౌట్‌విల్ ప్రజలకు నాయకుడయ్యెను. 1952లో ఆఫ్రికన్ జాతీయ కాంగ్రెసునైనను విడువుము, గ్రామ నాయకత్వమునైనను విడువుము అని ప్రభుత్వము ఆజ్ఞాపించగా, ఆయన దేనిని విడుచుటకును ఒప్పుకొనలేదు. ప్రభుత్వమే ఆయనను పదవినుండి తొలగించెను. ఆ సంవత్సరాంతమున కాంగ్రెసు ఆయనను తన అధ్యక్షునిగా ఎన్నుకొనెను. 1960 మార్చిలో షార్పివిల్ వద్ద పోలీసు కాల్పులలో 69 మంది మరణించిన పిదప ఆయన తన పాసు పుస్తకమును అందఱు చూచుచుండగా తగులబెట్టెను. 1960వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతిని 1961 డిసెంబరులో ఓస్లో నగరమున అందుకొనెను. ఇల్లు చేరిన యేడాదిలోపుననే, ఆయనవంటి నిషేధితుల మాటను అచ్చువేయుట నేరముగ చేయు చట్టము వచ్చెను. ఈ చివరి సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో ముందు పని గలదు.

ఇట్టి తీర్పులు వెలువడినప్పుడెల్ల పెద్దలు కొందఱు ఒక ప్రశ్న వేయుచుందురు. కొట్టినవారు కాలగర్భమున కలసిరి. పోయినవాడు తిరిగి రాడు. ఆయన ధర్మపత్ని నొకుఖన్య అమ్మగారు 1996లోనే గతించిరి. ఇప్పుడీ తీర్పు ఎవరికొఱకు? పని దొరకని యువకులు వీధులలో నున్నారు, రాత్రి తలుపు తీయుటకు జనులు భయపడుచున్నారు. పాత కాగితముల దుమ్ము దులుపుటకు వ్యయమగు ధనముతో ఒక బడి కట్టరాదా? మానుచున్న పుండును గోకుట ఎందులకు?

ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. దీనిని వేయువారు దుర్మార్గులును కారు. వారిలో పలువురు ఆ దుర్దినములను స్వయముగ అనుభవించినవారే. వారి పక్షమున రామాయణము కూడ కొంత పలుకును. రావణుడు నేలకొరిగిన పిదప శ్రీరాముడు విభీషణునితో వైరము మరణముతోనే ముగిసినదని చెప్పి, అన్నకు చేయవలసిన క్రియలు చేయుమని కోరెను. చచ్చినవారిపై పగ పట్టుట ఆర్ష ధర్మము కాదు.

అయితే వైరము వేఱు, ఋణము వేఱు. చావుతో వైరము తీరును, ఋణము తీరదు. తండ్రి చేసిన అప్పు కలదు. తండ్రియు పోయెను, అప్పిచ్చినవాడును పోయెను. అంతమాత్రమున ధర్మమెఱిగిన కుమారుడు పత్రమును చింపి పొయ్యిలో వేయడు. అప్పిచ్చినవాని బిడ్డలు ఎక్కడ నున్నారో వెదకును. కనుక అడుగవలసినది 'ఎవరిని శిక్షింతుము' అని మాత్రమే కాదు. ఎవరు ఎవరికి ఏమి బాకీపడిరి అనియు అడుగవలెను.

మహాభారతము ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. దేవాలయపు తరగతులలో ఈ కథ చెప్పునప్పుడు పిల్లలు ఊపిరి బిగబట్టి విందురు. మాండవ్య మహర్షి మౌనవ్రతముతో ఆశ్రమద్వారమున తపస్సు చేయుచుండెను. దొంగలు కొందఱు రాజభటులకు వెఱచి, దొంగసొత్తుతో ఆ ఆశ్రమమున దాగిరి. భటులు వచ్చి, దొంగలు ఎటు పోయిరని అడిగిరి. ముని పలుకలేదు. లోపల వెదకగా దొంగలును దొరకిరి, సొత్తును దొరకెను. మౌనముగ నున్నవాడు నేరస్థుడే యని భటులు తలచిరి. భటుల మాట నిజమే యని రాజు నమ్మెను. మునిని కొఱత వేయించిరి. ఆయన ఆ శూలముపైననే చాలకాలము ప్రాణములతో నుండెను. పిదప రాజు తన పొరపాటు తెలిసికొని, పరుగున వచ్చి పాదములపై బడెను. ముని క్షమించెను. శూలమును లాగబోయిరి, అది రాలేదు. వెలుపలి భాగమును కోసివేసిరి. లోపలి ముక్క ఆయన శరీరముననే నిలిచిపోయెను. దానిచేతనే ఆయనకు అణిమాండవ్యుడని పేరు వచ్చెను.

కథ అంతటితో ముగియదు. రాజును క్షమించిన ఆ ముని తిన్నగ యమధర్మరాజు సభకు పోయి, నాకీ శిక్ష ఏల విధించితివని నిలదీసెను. చిన్ననాట పురుగులను పుల్లతో గ్రుచ్చితివి గనుక, అని యముడు చెప్పగా, తెలియని వయస్సున చేసిన స్వల్పదోషమునకు ఇంత దండనమా యని ఆగ్రహించి, నీవు మనుష్యుడవై పుట్టుదువు గాక యని శపించెను. ఆ శాపముననే యముడు విదురుడై పుట్టెనని భారతము చెప్పుచున్నది. ఇందు గమనింపదగినది యేమన, క్షమించినవాడే విచారణ కోరినాడు. క్షమకును ప్రశ్నకును విరోధము కలదని వ్యాసుడు ఎక్కడను చెప్పలేదు.

లుతూలిగారి విషయమున జరిగిన అపచారములు రెండు. మొదటిది ఆయన తలపై పడిన దెబ్బ. దానిని కొందఱు మనుష్యులు కొట్టిరి, వారు పోయిరి. రెండవది ఆయన మరణముపై వ్రాసిన అబద్ధము. దానిని రాజ్యము వ్రాసెను, ముద్ర వేసెను, దస్త్రములలో భద్రపఱచెను, బడిపిల్లలచే చదివించెను. రాజ్యము చావదు. మనుష్యులు మాఱినను, జెండా మాఱినను, దస్త్రము దస్త్రముగనే యుండును. 1967 మొదలు 2025 వఱకు ప్రతిదినమును ఆ రెండవ అపచారము జరుగుచునే యుండెను. ఆయన రైలు చప్పుడు వినలేని అజాగ్రత్తపరుడైన ముసలివాడని ఆయన బిడ్డలు యాబది యెనిమిదేండ్లు వినవలసివచ్చెను. శూలపు ముక్క యనగా ఇదియే.

ఈ అబద్ధములు ఎట్లు తయారగుచుండెనో కొంచెము వివరముగ చెప్పుట అవసరము. అసహజ మరణము సంభవించి, దానికై ఎవరిపైనను నేరము మోపనప్పుడు, మేజిస్ట్రేటు ఎదుట మరణవిచారణ జరుగుట ఈ దేశపు విధానము. మృతుడు ఎవరు, ఎప్పుడు మరణించెను, దేనిచే మరణించెను, ఎవరి చేతయైనను అందు గలదా, అను ప్రశ్నలకు అచ్చట సమాధానము చెప్పవలెను. విధానము మంచిదే. కాని మేజిస్ట్రేటు చేతికి వచ్చు కాగితముల కట్టను సిద్ధపఱచువారు పోలీసులే. మరణము పోలీసు గదిలో జరిగినప్పుడు సాక్షులును పోలీసులే. 1967లో వచ్చిన ఉగ్రవాద చట్టము క్రింద పట్టుకొనినవారిని ఎంతకాలమైనను ఉంచవచ్చును. న్యాయవాది చూడరాదు, కుటుంబము చూడరాదు. ఇక చెప్పువాడు ఒక్కడే, వినువాడు ఒక్కడే. వర్ణవివక్షా కాలమున నిర్బంధములో మరణించినవారు డెబ్బదిమందికి పైగా గలరు. స్నానముచేయుచు సబ్బుపై జాఱి పడెననియు, మెట్లపైనుండి పడెననియు, ఉరివేసికొనెననియు, కిటికీనుండి దూకెననియు వారి మరణములకు కారణములు వ్రాయబడెను.

అహ్మద్ టిమోల్ రూడెపోర్ట్‌లో భారతీయుల పాఠశాలలో ఉపాధ్యాయుడు. 1971 అక్టోబరులో జొహానెస్‌బర్గ్‌లోని జాన్ వోర్స్టర్ స్క్వేర్ పోలీసు భవనపు పదియవ అంతస్తునుండి పడి మరణించెను. వయస్సు 29. ఆత్మహత్య యని 1972లో మేజిస్ట్రేటు నిర్ణయించెను. తల్లి హవా టిమోల్ 1996లో సత్య సామరస్య సంఘము ఎదుట నిలిచి తన కుమారుని కథ చెప్పెను. మేనల్లుడు ఏండ్లతరబడి కార్యాలయముల చుట్టు తిరిగెను. 2017 అక్టోబరులో హైకోర్టు ఆ పాత నిర్ణయమును కొట్టివేసి, అది హత్య యని తేల్చెను. అది వినుటకు ఆ తల్లి లేదు. డర్బన్ నగరమున హూసేన్ హఫేజీ యను యువ దంతవైద్యుడు 1977 ఆగస్టులో పట్టుబడిన ఇరువదినాలుగు గంటలలోపుననే బ్రైటన్ బీచ్ పోలీసు స్టేషనులో మృతుడై కనబడెను. ఉరివేసికొనెనని చెప్పిరి. శరీరముపై సుమారు 60 గాయములుండినను ఆ మాట చెల్లెను. 2023లో గాని అది చెల్లకపోలేదు.

ఆ మాట ఎట్లు చెల్లెను? ఇదియే ఈ వ్యాసమునకు ముఖ్యమైన ప్రశ్న. అరువది గాయములు ఒక వైపు, పోలీసు మాట ఒక వైపు నుంచి తూచినప్పుడు పోలీసు మాటయే బరువు తూగెను. మృతుని తల్లి మాటకు ఆ త్రాసులో బరువే లేదు. జాతివివక్ష యనగా బల్లలపైనను, బస్సులపైనను వ్రాసిన పలకలు మాత్రమే యని తలచుట పొరపాటు. దాని మూలము ఎవరి మాట సాక్ష్యము, ఎవరి మాట గొణుగుడు అను నిర్ణయమున నున్నది. ఒకని మాటను అచ్చువేయరాదని చట్టము చేసినవారికి, ఆ మనిషి మరణమునకు కారణము తామే చెప్పుట కష్టము కాలేదు.

ఒప్పందపు కూలీల సంతతికి ఈ త్రాసు క్రొత్తది కాదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ మదరాసునుండి డర్బన్ చేరినది మొదలు, తోట యజమాని వ్రాసి యిచ్చిన చీటి లేక కూలి తోట దాటరాదు. వలస భారతీయుల సంరక్షకుడని ఒక అధికారిని ప్రభుత్వము నియమించెను. దెబ్బలు తిన్న కూలి ఆయనకు ఫిర్యాదు చేసికొనవచ్చును. కాని ఫిర్యాదుకు పోవుటకు తోట దాటవలెను. దాటుటకు చీటి కావలెను. చీటి యిచ్చువాడు కొట్టినవాడే. చీటి లేక పోయినచో దారిలో పోలీసు పట్టుకొనును. ఫిర్యాదు నిజమైనదైనను, సెలవు లేక పోయినందులకు శిక్ష పడుట కలదు. రిజిస్టరులో కూలికి ఒక సంఖ్య, తండ్రి పేరు, కులము, గ్రామము వ్రాసిరి. అతడు చెప్పిన మాట మాత్రము ఎక్కడనో గాని కనబడదు. ఆ సంఖ్యలను నేడు మనుమలు, మునిమనుమలు దస్త్రాగారములందు వెదకి, నకళ్లు తీసికొని, పటము కట్టించి గోడకు తగిలించుచున్నారు. ఎందులకు? నూఱేండ్ల క్రిందట గతించిన ముత్తాతకు దానివలన ఏమి లాభము? ఈ ప్రశ్న ఎవ్వరును వేయరు. ముత్తాత పేరు సరిగ వ్రాయబడవలెనను కోరిక సహజమని అందఱికిని తెలియును. లుతూలిగారి బిడ్డలు కోరినది అంతకంటె వేఱైనది కాదు.

ఇక ముదుసలి నేరస్థుల సంగతి. టిమోల్ చివరి క్షణములలో ఆ గదిలో తానొక్కడనే యుంటినని చెప్పిన రోడ్రీగ్స్ అను పోలీసు గుమాస్తాపై 2018లో హత్యానేరము మోపబడెను. అప్పటికి ఆయన ఎనుబదేండ్లకు చేరువయ్యెను. ఇంతకాలము గడచినది గనుక విచారణను శాశ్వతముగ నిలిపివేయుమని ఆయన కోరెను, న్యాయస్థానములు ఒప్పుకొనలేదు. 2021 సెప్టెంబరులో, విచారణ జరుగకముందే, ఆయన మరణించెను. వణకుచున్న వృద్ధుని బోనులో నిలుపుట క్రూరము కాదా యని దయగల కొందఱు అడిగిరి. దయ గొప్ప గుణమే. కాని ఈ దేశము అట్టివారికి ఒక తలుపు తెఱచియే యుంచినది. సత్య సామరస్య సంఘము ఎదుటికి వచ్చి, చేసినది చేసినట్లు చెప్పినవారికి క్షమాభిక్ష యిత్తుమని చట్టము చెప్పెను. 7,000 మందికి పైగా అర్జీలు పెట్టుకొనిరి. 849 మందికి క్షమాభిక్ష లభించెను. నిజము చెప్పుటయే అడిగిన వెల. ఆ వెల చెల్లింపక, ఇంటిలో కూర్చుండి ముదిమికై వేచియున్నవాడు, నాకు వయస్సైనది గనుక విడువుడని అడుగుట ఎట్లు న్యాయమగును? జైలుశిక్ష విషయమున కనికరము చూపవచ్చును. నిజము చెప్పవలసిన బాధ్యత విషయమున వయస్సుకు చోటు లేదు. పైగా వృద్ధుడే చెప్పవలెను. ఆయన పోయిన పిదప చెప్పువాడు లేడు.

క్షమించు అధికారము ఎవరిదన్న చిక్కు ఒకటి కలదు. పొరుగువాని దెబ్బను మనము క్షమించుట సులభము. దేవాలయ వేదికపైనుండి ఇట్టి క్షమను ధారాళముగ పంచిపెట్టుటయు కలదు. దెబ్బ తిన్నవాడు తప్ప తక్కినవారు చేయు క్షమ దానము కాదు. పరుల సొమ్మును పంచుట.

ఇచ్చట ఒక అప్రియమైన మాట చెప్పవలెను. క్షమాభిక్ష పొందని కేసులు సుమారు 300 నేరవిచారణకై ప్రభుత్వ న్యాయవాదుల శాఖకు అప్పగింపబడినవి. అవి ఏండ్లతరబడి అల్మారాలలో పడియుండెను. ఆ యేండ్లు 1994 తరువాతి యేండ్లు. అధికారములో నున్నది లుతూలిగారు అధ్యక్షత వహించిన పక్షమే. ఆ ఆలస్యము కావలెనని కలిగింపబడినదా యని విచారించుటకు 2025లో అధ్యక్షుడు రామఫోసా న్యాయమూర్తి ఖంపెపెగారి నాయకత్వమున ఒక సంఘమును నియమింపవలసి వచ్చెను. దస్త్రమును కప్పిపుచ్చు గుణము ఒక రంగు చర్మమునకే పరిమితమని తలచినవారు దీనినిబట్టి తమ అభిప్రాయము దిద్దుకొనవలెను.

పోలీసు సంస్కరణ విషయమును ఈ త్రాసుతోనే తూచి చూడవచ్చును. 1995 నాటి చట్టముతో పోలీసు దళము పేరు పోలీసు సేవ యయ్యెను. ఆ సంవత్సరముననే రాజ్యాంగ న్యాయస్థానము మరణశిక్షను రద్దుచేసెను. సైనిక పదవుల పేర్లు తీసివేయబడెను. 2010లో అవి తిరిగి వచ్చెను. భటులలో అధికసంఖ్యాకులు నేడు నల్లజాతివారే. ఇవన్నియు అవసరమైన మార్పులే యైనను, 2012 ఆగస్టు 16వ తేదీన మరికానా యను ప్లాటినము గనుల వద్ద, సమ్మెచేయుచున్న 34 మంది కార్మికులను పోలీసులు కాల్చి చంపిరి. వారిలో 17 మంది టెలివిజన్ కెమెరాల ఎదుట పడిరి. కొంతసేపటికి, కెమెరాలు లేని రాళ్లగుట్టల నడుమ, మరి 17 మంది పడిరి. ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసులు చెప్పిరి. రెండవ చోట జరిగినదానిని మొదట వెలికి తెచ్చినవారు అచ్చటి బండలపై గుర్తులను పరిశీలించిన విలేకరులు. పోలీసు అధిపతులు కొన్ని నిజములను దాచిరని 2015లో వెలువడిన ఫార్లాం కమిషను నివేదిక వ్రాసెను. చొక్కా మాఱెను, చర్మపు రంగు మాఱెను, పై అధికారి పేరు మాఱెను. మొదటి దినమున పోలీసు చెప్పినదే కథ, మృతుడు మౌని గనుక దోషి అను అలవాటు మాత్రము మాఱలేదు. మాండవ్యుని కాలపు భటులు దీనిని చూచినచో ఆశ్చర్యపడకుందురు.

కాబట్టి పోలీసు మాటను పోలీసు కానివాడు పరీక్షింపవలెను. ఇది సంస్కరణలలో ఒకటి కాదు. తక్కినవన్నియు దీనిపై నిలుచును. ఈ దేశమున అట్టి సంస్థ పేరునకు కలదు. పోలీసుల చేతిలో సంభవించు మరణములను విచారించుటకు స్వతంత్ర పోలీసు పరిశోధనా శాఖ 2012లో పని ప్రారంభించెను. దాని అధిపతిని పోలీసు మంత్రి తన ఇష్టానుసారముగ తొలగించుట చెల్లదని 2016లో రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పవలసివచ్చెను. పరీక్షింపబడువాడే పరీక్షకుని ఉద్యోగము చేతిలో నుంచుకొనుట, చీటి యిచ్చువాడే కొట్టినవాడగుట — రెండును ఒక్కటే. ఇట్టి శాఖకు తగినంత ధనము, తగినంతమంది పరిశోధకులు లేకున్నచో చట్టము గోడమీది పటము వలె నుండును.

ఇంతవఱకు వ్రాసినది చదివి, ఇది తెల్లవారి సంగతి, నల్లవారి సంగతి, ప్రభుత్వపు సంగతి యని పుస్తకము మూసివేయుట భారతీయ సంతతికి సులభము. కాని 2021 జూలై కలదు. మాజీ అధ్యక్షుడు జూమా చెఱకు పోయిన పిదప క్వాజులు-నేటాలులోను, గౌటెంగ్‌లోను చెలరేగిన అల్లర్లలో 350 మందికి పైగా మరణించిరి. డర్బన్‌కు ఉత్తరమున నున్న ఫీనిక్స్, భారతీయులకై వర్ణవివక్షా ప్రభుత్వము కట్టిన పట్టణము. అచ్చట ఆ దినములలో పోలీసు కనబడలేదు. దుకాణములు కాలుచుండెను, పాలు, రొట్టె దొరకలేదు, జనులు భయముతో వీధి మొగల అడ్డుకట్టలు కట్టి కాపలా కాచిరి. ఆ భయము నిజమైనది. 1949 జనవరిలో డర్బన్ అల్లర్లలో 142 మంది మరణించిన సంగతి పెద్దల నోట విననివారు లేరు. అయినను ఫీనిక్స్‌లోను, దాని పరిసరములలోను ఆ కొలది దినములలో 36 మంది మరణించిరని పోలీసు మంత్రియే చెప్పెను. వారిలో అధికులు ఆఫ్రికనులు. పనికి పోవుచున్నవారును, ఇల్లు చేరుచున్నవారును అడ్డుకట్టల వద్ద ఆపబడి, కొట్టబడి, కాల్చబడిరి. చంపినవారిలో భారతీయ సంతతివారు కలరు.

అడ్డుకట్ట వద్ద నిలిచినవాడు ఏమడిగెను? ఎవడవు, ఎచ్చటికి పోవుచున్నావు, ఇచ్చట నీకేమి పని? ఇది పాసు చట్టపు ప్రశ్నయే. ముత్తాతను తోట సరిహద్దున ఆపి అడిగిన ప్రశ్నయు ఇదియే. సమాధానమును నమ్ముటయు నమ్మకపోవుటయు ముఖముయొక్క రంగునుబట్టియే జరిగెను. పోలీసు లేని చోట జనులే పోలీసులైరి. పాత పోలీసుల అలవాటే వారికి చేతికందెను. 2022 ఫిబ్రవరిలో వెలువడిన నిపుణుల సంఘపు నివేదిక, పోలీసులును ప్రభుత్వమును తమ విధిలో విఫలమైరని చెప్పెను. నిజమే. ఆ వైఫల్యము భయమునకు కారణము చెప్పును. ముప్పదియాఱు మరణములకు జవాబు చెప్పదు.

దీనినిగూర్చి ఫీనిక్స్‌లో ఇండ్ల లోపల ఒక విధముగను, వెలుపల మరియొక విధముగను మాటలాడుచున్నారు. మనవారిని కాపాడుకొనినవారు వీరులని కొందఱు, ఆ మాటయే ఎత్తవద్దని కొందఱు. చూచినవారు కలరు, చూచితినని న్యాయస్థానమున చెప్పువారు అరుదు. పొరుగువానిపై సాక్ష్యము చెప్పుట ఎంత కష్టమో ఎఱుగని వాడే దీనిని తేలికగా నిందించును. కాని 1967లో స్టాంగర్ వద్ద ఆ వంతెనపై జరిగినది చూచినవారును, వినినవారును, వారి భార్యలును ఎవరో ఉండియే యుందురు. వారును రైల్వే కాలనీలలో, పోలీసు క్వార్టర్లలో కాపురములుండి, పొరుగువానిపై సాక్ష్యము చెప్పుట కష్టమనియే మౌనము వహించియుందురు. ఆ మౌనముల కూడికయే యాబది యెనిమిదేండ్లు. అమావోటిలోను, భంబాయిలోను, ఇనాండాలోను నేడొక తల్లి తన కుమారుడు ఆ రాత్రి ఎట్లు పోయెనో చెప్పువానికై ఎదురుచూచుచున్నచో, ఆమె ఎన్నేండ్లు ఎదురుచూడవలెనన్నది ఫీనిక్స్ వీధుల చేతిలో నున్నది.

1949 రక్తము ఆఱకమునుపే లుతూలిగారును, నేటాల్ భారతీయ కాంగ్రెసు అధ్యక్షుడగు డాక్టరు నాయకరుగారును ఒకే వేదికపై కూర్చుండ సాహసించిరి. 1952లో అన్యాయ చట్టముల ధిక్కార ఉద్యమమును రెండు కాంగ్రెసులును కలసి నడపినవి. అందులకు వారిని తమతమ వారే నిందించిరి. ఆ స్నేహమును గూర్చి సభలలో గర్వముగ చెప్పుకొనుట వాడుక. 2021లో అది ఏ వీధి మొగను నిలిచియుండెనో అడుగుట వాడుక కాలేదు.

2025 సెప్టెంబరు 12వ తేదీన, గెబెహా హైకోర్టులో మరియొక పాత దస్త్రము తెఱువబడెను. అది స్టీవ్ బీకోగారిది. సరిగ నలుబది యెనిమిదేండ్ల క్రిందట, ఆ తేదీననే, తలకు తగిలిన గాయములతో ఆయన పోలీసు నిర్బంధమున మరణించెను. నిరాహారముచే మరణించెనని సూచించుచు ఆనాటి పోలీసు మంత్రి మొదట పలికెను. పిదప, పెనుగులాటలో తల గోడకు తగిలినదని పోలీసులు చెప్పిరి. ఎవ్వరును దోషులు కారని 1977లోనే మేజిస్ట్రేటు వ్రాసి సంతకము చేసెను. ఆయన కుమారులు ఇప్పుడు, తండ్రి మరణించిన వయస్సుకంటె ఎంతో పెద్దవారై, ఆ కాగితముపై క్రొత్తగ ఏమి వ్రాయబడునో వినుటకు కూర్చున్నారు.